గొంగడిని చూసి మనిషన్నారు

పోయిన ఎండాకాలం భువనగిరిలో మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు ఒక సినిమా చూశాను. నేను సినిమాలు చూసే మనిషిని కాను. మధ్యాహ్నమైతే ఆ ఊరి కోటగుట్ట పెనంలా కాలుతుంది, దాని సెగ ఇళ్లలోకి కొడుతుంది, గడప దాటలేం. అన్నం తిన్నాక అందరం కూలరు ముందు పడ్డాం. అల్లుడు టీవీ పెట్టాడు. గుర్రాలు, టోపీలు, దుమ్ము. తెల్లవాళ్లు తెలుగు మాట్లాడుతున్నారు, పెదాలు ఒక దిక్కు, మాట ఒక దిక్కు. కాసేపు చూసి కునుకు తీద్దామనుకున్నాను. అంతలో ఒకడు గుర్రం దిగి, కోటులోంచి నల్లబట్ట తీసి, కళ్ల దగ్గర రెండు బొక్కలున్న ఆ బట్టను ముఖానికి కట్టుకున్నాడు.

నేను లేచి కూర్చున్నాను. ఈ సినిమా నాకు తెలుసు. ఎన్నడూ చూడలేదు గాని మొదటి నుంచి చివరిదాకా తెలుసు. మా ఇంటాయన పెళ్లయిన నాటి నుంచి నాకు చెప్పిన కథ ఇది.

ఆయన పెళ్లికాక ముందు ఒకరి దగ్గర జీతానికి గొర్రెలు కాసేవాడు. అప్పుడు జాతరలో గుడారం సినిమా వేస్తే రెండుసార్లు చూశాడట. అప్పట్లో అది వాళ్ల భాషలోనే ఆడింది. ఒక్క మాట అర్థం కాలేదు. బొమ్మను చూసి కథ తానే అల్లుకున్నాడు. ఆ కథను గుట్ట మీద తోటి కాపరులకు చెప్పేవాడు, కల్లు దగ్గర చెప్పేవాడు, నేను రొట్టెలు చేస్తుంటే పొయ్యి ముందు కూర్చొని చెప్పేవాడు.

ఆ కథలోని ఊళ్లో ఒక పెద్దమనిషి. గుర్రపుబండ్లు నడిపిస్తాడు. ఊరివాళ్లు దూరం పంపే సామానంతా నమ్మి ఆయన చేతికే ఇస్తారు. వాళ్ల గుడిలో ముందు వరుసలో కూర్చుంటాడు. తగువులు తెంపుతాడు. అటు తిరిగి వాడే ముఖానికి బట్ట కట్టుకొని తన బండినే అడ్డగించి దోచుకుంటాడు. దోపిడి అయిన వాళ్లు ఏడ్చుకుంటూ వాడి దగ్గరికే వచ్చి మొర పెట్టుకుంటారు. వాడు తల ఊపుతూ వింటాడు. వాడి దగ్గర గుర్రాలు కడిగే ఒక బీదవాడు ఉంటాడు. ఒకరోజు దోపిడికి ముసుగువాడు ఆ బీదవాడు సాకే గుర్రాన్ని వేసుకుపోతాడు. జనం ముఖం చూడలేదు, గుర్రాన్ని చూశారు. చూసి గుర్రాలవాణ్ని పట్టుకొని మెడకు తాడేస్తారు. అప్పుడు పెద్దమనిషి భార్య పరుగెత్తుకొచ్చి, ఆ నడక నా మొగుడిది, వీణ్ని వదలండి అంటుంది. ఊరంతా డప్పులు కొట్టి గుర్రాలవాణ్ని అదే గుర్రం మీద ఊరేగిస్తుంది.

ఈ ఊరేగింపు దగ్గరికి వచ్చేసరికి మా ఇంటాయన రెండు చేతులూ పైకెత్తి ఆడేవాడు. గొర్రెలు బెదిరేవి.

నేను ఆ ఊరేగింపు కోసం టీవీ ముందు కూర్చున్నాను. మెడకు తాడు పడింది. భార్య రాలేదు. కాళ్ల కింది బల్లను తన్నేశారు. రెండు కాళ్లు ఊగాయి. మరుక్షణం ముసుగువాడు నది ఒడ్డున ఒక ఆడమనిషితో నవ్వుతున్నాడు. ఇక అంతా వాడి బాధే. వాడి ప్రేమ, వాడి భయం, వాడి ఒంటరితనం. చివరికి తూటా తగిలి భార్య ఒళ్లో తల పెట్టుకొని ఎంతకీ చావడు. అప్పుడు ముసుగు విప్పుతాడు. వెనుక నుంచి ఏడుపు పాట.

"అల్లుడా, మరి గా గుర్రాలోడు ఏమైండు?" అని అడిగాను.

"ఏ గుర్రాలోడు అత్తమ్మా?"

"గుర్రాలు కడిగేటోడు. మెడకు తాడేసిండ్రు గదా."

"ఆఁ, వాడా. వాడు పొయ్యిండు. చిన్న వేషం."

"వాడు చెయ్యలేదని మల్ల ఎవరన్న చెప్పిండ్రా?"

"సినిమా అత్తమ్మా. జర ఊకో, హీరో సస్తుండు."

మా వియ్యపురాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. "పాపం, మనసు మంచోడే వదినె. ఖర్మ కాలి దొంగయ్యిండు," అంది.

"మంచోడైతే, పక్కోణ్ని ఉరి తీస్తాంటే మూతికి కట్టిన బట్ట ఎందుకు ఇప్పలేదు వదినె? తను సచ్చేటప్పుడు ఇప్పితే ఎవలికి లాభం?"

"గిదేం లొల్లి," అని వియ్యపురాలు అటు తిరిగింది. మా బిడ్డ నా ముఖం చూసి టీవీ కట్టేసింది. నాకు ఎక్కడ కాలిందో దానికి తెలుసు. అల్లుడికి చెప్పలేదు ఎప్పుడూ. తండ్రిని దొంగ అన్నారని అత్తింట్లో ఏ ఆడపిల్ల చెప్పుకుంటుంది? మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

నేను చదువుకున్న దాన్ని కాను. చేవ్రాలు పెట్టడం వచ్చు, బస్సు మీద మా ఊరి పేరు గుర్తుపట్టడం వచ్చు. ఇది నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తోంది. మధ్యలో అది పెన్ను ఆపి, గీ మాట రాయాల్నా అమ్మా అంటోంది. రాయమంటున్నాను.

మేము గొర్రెలు కాసే కురుమలం. మహబూబ్‌నగర్ దిక్కు గుట్టల్లో మా ఊరు. మాకు గొంగడి అంటే కప్పుకునేది ఒక్కటే కాదు. వానకు నెత్తిన వేసుకుంటాం, చలికి చుట్టుకుంటాం, పెళ్లిలో పరుస్తాం, మా కులదేవుడు బీరప్ప ముందు పరుస్తాం. పంచాయితీ జరిగితే పెద్దలు గొంగడి మీదే కూర్చుంటారు. దాని మీద కూర్చొని అబద్ధమాడితే వంశం నిలవదంటారు. అందుకని దాని మీద కూర్చున్నవాడు ఏం చెప్పినా మావాళ్లు ఎదురు అడగరు. ఇంకో నియమం కూడా ఉంది. మబ్బు పట్టినప్పుడు ఎవరైనా వచ్చి గొంగడి అడిగితే లేదనకూడదు. పగవాడు అడిగినా ఇవ్వాలి.

మా ఇంటాయన గొంగడి నేను వడికిన ఉన్నితో నేసింది. ఒకసారి చలిమంట నిప్పు ఎగిరి మూల కాలింది. అరచేతి వెడల్పు బొక్క పడితే తెల్లగొర్రె ఉన్నితో మాటు వేశాను. నల్లని గొంగడిలో ఆ తెల్ల మాటు గుట్ట అవతలి నుంచి కూడా కనిపించేది. వాళ్లిద్దరికీ, ఆయనకూ ఆ గొంగడికీ, ఒకటే గుర్తు అయిపోయింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. ఆ ఏడు వానలు లేవు. పడ్డ రెండు మూడు వానల్లో ఒకటి అది. పొద్దున మబ్బు కమ్ముతుంటే మా కులపెద్ద వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తెల్ల ధోవతి, తెల్ల రుమాలు. ఎప్పుడో బండి మీద నుంచి పడి ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. ఊళ్లో పెళ్లి ముహూర్తమైనా ఆలుమగల తగువైనా ఆయన రావాల్సిందే.

"నేను పక్కూరికి పోతున్న రా. మబ్బు పట్టింది. గొంగడి ఇయ్యి," అన్నాడు మా ఇంటాయనతో.

"తీస్కపో పెద్దయ్యా," అని ఈయన భుజం మీది గొంగడి తీసి ఇచ్చాడు. మేం ఇద్దరం వాకిట్లోనే ఉన్నాం. నేను పేడ కలుపుతున్నాను.

మధ్యాహ్నం వాన దంచింది. మా ఇంటాయన ఒక యూరియా సంచిని నెత్తికి తొడుక్కొని, తడిసి ముద్దై, గొర్రెలను తోలుకొని వచ్చాడు. నేను తిట్టాను కూడా. "ఉన్న ఒక్క గొంగడి పెద్దమనిషికిచ్చి నువ్వు సంచిల దూరినవా," అన్నాను. మరునాడు కులపెద్ద గొంగడి తెచ్చి నా చేతికే ఇచ్చాడు. తడిసి బరువుగా ఉంది. కంపలో తిరిగినట్టు పల్లేరుకాయలు పట్టుకొని ఉన్నాయి. రోడ్డు మీద పక్కూరికి పోయిన మనిషికి ఇన్ని పల్లేరుకాయలు ఎక్కడివి అని ఒక్కసారి అనిపించింది. అనిపించింది అంతే. పెద్దమనిషిని ఎట్లా అడుగుతాం? గీరి గీరి తీసేశాను.

ఆ వానలోనే మా వాడలో ఒకాయనవి ఏడు గొర్రెలు పోయాయి. ఆయన నాకు వరసకు అన్న. మా ఇంటాయనను బావ అంటాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే గుట్ట మీద మందలు కాచినవాళ్లు, ఒకే సద్దిమూట విప్పుకొని తిన్నవాళ్లు. ఆయన బండ కింద తల దాచుకొని ఉండగా, గొంగడి నెత్తి మీది నుంచి కప్పుకున్న మనిషి కొన్ని గొర్రెలను వాగులోకి దింపడం చూశాడు. గొంగడి మూలన తెల్ల మాటు. మా బావ తన గొర్రెలను తోలుకుంటున్నాడు అనుకొని ఊరుకున్నాడు. వాన వెలిశాక లెక్క చూస్తే ఏడు తక్కువ.

బీరప్ప గుడి ముందు పంచాయితీ పెట్టారు. గొంగడి పరిచారు. నలుగురు పెద్దలు కూర్చున్నారు, నడుమ కులపెద్ద. మా అన్న లేచి చూసింది చెప్పాడు. నాతో మాట్లాడకుండా, నా దిక్కు చూడకుండా చెప్పాడు. "మా బావనే. గొంగడి నేను గుర్తువట్టనా," అన్నాడు.

మా ఇంటాయన నిలబడి, "గొంగడి నాదే. గని ఆ దినం నా తాన లేదు. పెద్దయ్యకిచ్చిన," అన్నాడు.

జనమంతా కులపెద్ద దిక్కు చూశారు. ఆయన కోపపడలేదు. జాలిగా నవ్వాడు. రెండు చేతులూ గొంగడి మీద ఆనించి, "గొంగడి మీద కూసోని చెప్తున్న. నేను వీనింటికి పోలే, గొంగడి అడగలే. ఏదో తప్పు చేసిండు, భయానికి నా పేరు చెప్తుండు. పోనియ్యుండ్రి, చిన్నోడు," అన్నాడు.

నేను ఆడవాళ్లలో నుంచి లేచాను. "తెల్లారి నా చేతికే ఇచ్చిండు. పల్లేరుకాయలు నేనే గీరిన," అన్నాను.

"ఆలి సాక్ష్యం మొగనికి చెల్లదు, కూసో," అన్నాడు ఇంకో పెద్ద.

అప్పుడు వెనుక నుంచి ఎవడో, ఇప్పటికీ వాడెవడో తెలియదు, తెలిస్తే వాడి నాలుక పీకుదును, "సిన్మ చూసి నేర్చుకున్నడు పటేలా. ముప్పై యేండ్ల సంది అదే కథ చెప్తుండె గద," అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఇంకొకడు అందుకున్నాడు. "సిన్మల మొకానికి బట్ట గట్టుకుంటడు. వీనికి గంత తెలివి లేక మాటేసిన గొంగడి కప్పుకుండు." మళ్లీ నవ్వు. మా ఇంటాయన నవ్వుతున్న వాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. అందరూ ఆ కథ విన్నవాళ్లే. గుట్ట మీద చేతులెత్తి ఆడుతుంటే ఇంకొకసారి చెప్పు అని అడిగినవాళ్లే. ఆ కథలో గుర్రాన్ని చూసి గుర్రాలవాణ్ని పట్టుకున్న చోట, థూ, వీళ్లకు కండ్లు లేవా అని ఆ ఊరివాళ్లను తిట్టినవాళ్లే. అదే మనుషులు గొంగడిని చూసి మా ఇంటాయనను పట్టుకున్నారు.

ఏడు గొర్రెలు తోలివ్వాలని తీర్పు చెప్పారు. వాటిని మా దొడ్డిలో నుంచి కులపెద్దే నిలబడి ఏరాడు. కడుపుతో ఉన్నవాటిని చూసి చూసి ఏరాడు. మా అన్న తల వంచుకొని తోలుకుపోయాడు.

గొర్రెలు పోతే పోయాయి. ఆ తరువాత మా ఇంటాయనకు పేరు పోయింది. పిల్లలు సైతం "ఓ ముసుగు మామా" అని పిలిచేవాళ్లు. ఎవరి కోడి కనబడకపోయినా మా గోడ మీది నుంచి తొంగి చూసేవాళ్లు. ఆయన మందను ఊరి నడుమ నుంచి తోలడం మానేసి, చుట్టూ తిరిగి రాళ్లబాటన పోయేవాడు. కథ చెప్పడం ఆ రోజుతో ఆగిపోయింది. ఒకసారి నేనే అడిగాను, పొయ్యి ముందు కూర్చుంటే, ఏదైనా చెప్పమని. "ఏం చెప్పాలె," అన్నాడు. మూడో ఏడు ఎండల్లో గుట్ట మీద పడిపోయాడు. దవాఖానలో ఎండదెబ్బ అన్నారు. దవాఖాన వాళ్లకు ఏం తెలుసు? ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మనిషికి ఎండ తగులుతుందా? పాడె మోయడానికి నలుగురు దొరికారు. అందులో కులపెద్ద ముందు నడిచాడు, ఎడమకాలు ఈడ్చుకుంటూ. అదీ నేను చూశాను.

తరువాత కరోనా వచ్చింది. సంతలన్నీ బంద్ చేసి మళ్లీ తెరిచిన కొత్తలో, నా దగ్గర ఒక పెద్ద పొట్టేలు ఉండె. మా దిక్కు ధర పలకలేదు. ఆలంపూర్ దాటి తుంగభద్ర దిక్కు ఒక సంతలో మంచి ధర ఉందంటే, మా చెల్లెలి మొగుడు ట్రాలీ ఆటోలో నలుగురివి కలిపి వేసుకుపోతుంటే నేనూ ఎక్కాను. సంతలో అందరూ ముఖాలకు గుడ్డలు కట్టుకొని ఉన్నారు. రుమాలు కట్టినవాడు, తువ్వాల చుట్టినవాడు, నీలం మాస్కు పెట్టుకున్నవాడు. ఎవరు అమ్మేవాడో ఎవరు కొనేవాడో తెలియదు.

పొట్టేలును పట్టుకొని నిలబడితే వెనుక నుంచి గొర్రెలను పిలిచే కూత వినబడింది. మాలో ఏ ఇంటి కూత ఆ ఇంటిదే. నాలుక మడిచి ఒకడు, గొంతులో నుంచి ఒకడు, ఈల కలిపి ఒకడు. గొర్రె తన కాపరిని ముఖం చూసి గుర్తుపడుతుందా? కూత వినే గుర్తుపడుతుంది. నేను గొర్రె కన్నా తెలివితక్కువ దాన్నా? తిరిగి చూశాను. పాంటు, అంగీ, నల్ల అద్దాలు, టోపీ, నీలం మాస్కు. నాలుగు అడుగులు వేశాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు.

దగ్గరికి పోయాను. వాడి ముందు పది పన్నెండు గొర్రెలు. చెవులన్నిటికీ పసుపు పూసి ఉంది. మేము గొర్రెపిల్లకు చెవి కోసి గుర్తు పెట్టుకుంటాం, ఏ ఇంటి కోత ఆ ఇంటిది. పాత కోతను పోగొట్టాలంటే దాని పైన ఇంకా లోతుగా కోయాలి, పసుపు పూసి మాన్పాలి. వాటిలో ఒక ముసలి గొర్రెకు సరిగ్గా కోయలేదు. ఆనాటి ఏడింటిలోదో ఆ తరువాత కొట్టిందో గాని, పసుపు కింద మా అన్న ఇంటి కోత, కొసన చీలిక, కింద అర్ధచంద్రం, అట్లాగే ఉంది.

"పెద్దయ్యా, మంచిగున్నవా?" అన్నాను.

అద్దాలలో నుంచి చూశాడు. "ఎవరమ్మా మీరు? మాది ఈ ప్రాంతం కాదండీ," అన్నాడు. నిజం, అండీ అన్నాడు. మా ఊరి గుడి ముందు ఓరి, అరేయ్ తప్ప ఇంకో మాట ఎరుగనివాడు అక్కడ పట్నపు దొరలా మాట్లాడుతున్నాడు. పక్కనున్న కొనే ఆసామి, "ఏమైంది అమ్మా? ఈయన నదవతల పెద్ద రైతు. ఎప్పుడూ మాకే అమ్ముతాడు, నమ్మకస్తుడు," అన్నాడు.

నమ్మకస్తుడు అన్న మాటకు నా చేయి ఆగలేదు. వాడి మాస్కు పట్టి గుంజాను. తాడు తెగింది. అదే ముఖం. అవే తెల్ల మీసాలు.

అప్పుడు చూడండి జనాన్ని. "ఏయ్ ముసల్దానా, దూరం జరుగు." "మాస్కు ఎందుకు గుంజినవ్, రోగం అంటుద్ది." "పిచ్చిదాన్ని ఎవలు తెచ్చిండ్రు సంతకు?" ఒక పోలీసు కర్రతో నన్ను అంత దూరం నుంచే నెట్టాడు. దొంగ గొర్రెలు ఎదురుగా ఉన్నాయి, కోసిన చెవుల నుంచి ఇంకా నెత్తురు కారుతోంది, వాళ్లకు కనిపించిన నేరం నేను మాస్కు గుంజడం. నేను మొత్తుకునే లోపల వాడు గొర్రెలను బండి ఎక్కించి పోయాడు.

ఊరికి వచ్చి మా అన్నకు చెప్పాను. వింటూ విడిన చెప్పు తాడు ముడివేసుకున్నాడు. కులం పెద్దలకు చెప్పాను. కూర్చున్నారు. మళ్లీ అదే గొంగడి, మళ్లీ నడుమ ఆయనే.

"మాస్కు, అద్దాలు, టోపి పెట్టుకున్నోణ్ని ఎట్ల గుర్తువడ్తవ్? ఎవలనో చూసి మన పెద్దయ్య అంటున్నవ్," అన్నారు.

"మొకం నిండ గొంగడి కప్పుకున్నోణ్ని మీరు ఎట్ల గుర్తువట్టిండ్రు?" అన్నాను. "నేను మాస్కు గుంజి మొకం చూసిన. మీరు గొంగడి గుంజి చూసిండ్రా?"

కులపెద్ద మళ్లీ రెండు చేతులూ గొంగడి మీద పెట్టబోయాడు.

"లెవ్వు," అన్నాను. "దాని మీదికెల్లి లేసి మన్నుల కూసోని చెప్పు. చెప్తవా?"

లేవలేదు. ఆడదానికి నోరెక్కువైందని పంచాయితీ ఎత్తేశారు. వారం దినాలకు ఇద్దరు పెద్దలు మా ఇంటికి వచ్చి గుసగుసగా, "తప్పు జరిగిందే అనుకో. ఆయన బిడ్డ పెండ్లున్నది. కులం ఇజ్జత్ పోతది. ఆయన పెద్దరికం ఇడుస్తడు, నువ్వు నోరు ఇడువకు," అన్నారు. రెండు గొర్రెలు ఇప్పిస్తామన్నారు. "గొర్రెలొద్దు. నా మొగడు దొంగ గాదని గుడి ముందట చెప్పుండ్రి. ఆ ఒక్క మాట," అన్నాను. ఆ మాట తప్ప ఇంకేదైనా అడగమన్నారు. కులపెద్ద మోకాళ్ల నొప్పులని పెద్దరికం విడిచాడు. వీళ్లు ఆయనకు శాలువా కప్పి, దండ వేసి, పటం దిగి పంపారు. దొంగకు శాలువా. గొంగడి ఇచ్చినవాడికి మన్ను.

అప్పుడు నోరు మూసుకున్నాను. ఏం చేయగలను అనుకున్నాను. నాలుగేళ్లు మూసుకున్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. భువనగిరిలో ఆ టీవీ ముందు కూర్చునేదాకా నా గొంతులో ఏం ఉందో నాకే తెలియలేదు. వియ్యపురాలు దొంగ కోసం ఏడుస్తుంటే తెలిసింది. లోకం ముసుగువాడి మనసును తవ్వి తవ్వి చూస్తుంది. వాడికి భార్య ఉంది, బాధ ఉంది, పాట ఉంది. గుర్రాలవాడికి పేరు కూడా పెట్టలేదు ఆ సినిమాలో. మా ఇంటాయన ఆ గుడారంలో కూర్చొని ఇది సహించలేక కదా, మాటలు అర్థం కాకపోయినా సొంతంగా ఊరేగింపు కట్టి తెచ్చింది. ఆయన కట్టిన ఊరేగింపు ఆయనకు మాత్రం ఎవరూ కట్టలేదు.

బస్సు దిగి ఇంటికి పోలేదు. సంచితోనే మా అన్న ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చొని తాడు పేనుతున్నాడు. కండ్లు సరిగా కనబడవు ఇప్పుడు.

"ఎప్పుడొచ్చినవ్ చెల్లె?"

"ఇప్పుడే. అన్నా, ఒక్కటడుగుత, సక్కగ చెప్పు. ఆ దినం వాగుల నువ్వు చూసింది మనిషినా, గొంగడినా?"

తాడు పేనడం ఆపలేదు. పేనుతూనే, "గొంగడినే," అన్నాడు.

"మొకం?"

"మొకం కానరాలె."

"నడక?"

తాడు ఒళ్లో పెట్టుకున్నాడు. "నడక బావది గాదు," అన్నాడు. "కాలు ఈడ్సినట్టుండె. నాకు అప్పుడే అనిపించింది. గని గొంగడి చూసినంక నడక ఎవలు చూస్తరు చెల్లె? నలుగురిట్ల చెప్పేసిన. పెద్దయ్య గొంగడి మీద కూసోని కాదన్నడు. ఇగ నాదే తప్పేమో అనుకున్న."

అంటే తెలుసు. ఇన్నాళ్లూ తెలుసు. పాడె వెనుక నడిచినప్పుడు తెలుసు. నేను సంత నుంచి వచ్చి చెప్పినప్పుడు తెలుసు. నాకు వాణ్ని అరుగు మీద నుంచి ఈడ్చి కొట్టాలనిపించింది. కులపెద్ద మీద కూడా అంత మంట పుట్టలేదు. వాడు దొంగ, దొంగ పని చేశాడు. ఈయన సద్దిలో చేయి పెట్టినవాడు.

ఆయన కండ్లలో నీళ్లు పెట్టుకొని, "నన్ను మాఫ్ చెయ్యి చెల్లె. లోపలికి రా, కూసో," అన్నాడు.

"లోపల గాదు. నా మొగణ్ని నువ్వు లోపల అనలె. గుడి ముందట అన్నవ్. లే, బయటికి నడువ్."

"గుడి కాడికి పెద్దలు రానియ్యరు."

"గుడి లేకుంటే నల్లా ఉన్నది."

మరునాడు పొద్దున చేయి పట్టుకొని తీసుకుపోయాను. వీధి నల్లా దగ్గర ఆరుగురు ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. ఆయన నిలబడి సణిగాడు. "జోరుగ చెప్పు," అన్నాను. ఒక ముసలామె వినబడటం లేదని నల్లా కట్టేసింది.

"మా బావ దొంగ గాదు," అన్నాడు. "నేను చూసింది గొంగడిని. మనిషిని చూడలె. ఆ నడక మా బావది గాదు."

"మరి ఎవలిదే?" అంది ఒకామె. ఇంకొకామె ఆమె మోచేయి పొడిచింది. అక్కడున్న ఆరుగురికీ ఆ కాలు ఎవరిదో తెలుసు. ఒకామె బిందె ఎత్తుకుంటూ, "గింతకు ఇన్నేండ్లు పట్టెనా," అని ఆయన ముఖం మీదే అని పోయింది. బాగా అంది.

మా అన్న తువ్వాలతో ముఖం తుడుచుకొని, భుజం నుంచి బరువు దించుకున్నవాడిలా ఇంటి దారి పట్టాడు. ఆయన బరువు దిగితే నాకేం ఒరిగింది? ఆనాడు గుడి ముందు విన్నది ఊరంతా. నవ్వింది ఊరంతా. ఈనాడు విన్నది ఆరుగురు. ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దలు పోయి ఆయనను బెదిరించి వచ్చారట, ముసలితనంలో మతి తప్పిందని అందరికీ చెప్తామన్నారట.

తెల్లవారి పోయి ఆయన వాకిట్లో నిలబడ్డాను. చూసి తల దించుకున్నాడు.

"చెప్పిన గద చెల్లె," అన్నాడు.

"మన వాడల చెప్పినవ్. చెప్పులేసుకో అన్నా, ఇయ్యాల కింది వాడ నల్లా కాడికి పోదాం."

లేచి చెప్పులు వేసుకున్నాడు.